ఇద్దరికీ ఆయాసమే. చిన్నదానికి ఒకలా, పెద్దవాడికి ఇంకోలా ఎందుకు?

ఇద్దరు పిల్లల తల్లి:
పాపకి 4 ఏళ్లు, బాబుకి 13. పాపకి జలుబు చేస్తే చాలు పిల్లికూతలు, జలుబు పోతే ఏమీ జరగనట్టే గంతులు. బాబుకి 11 ఏళ్ల దాకా రోజూ ఆస్తమా పంపు (ఇన్‌హేలర్) వాడుతుంటే ఏ గొడవా లేదు, ఇప్పుడు అదే మందు, అదే డోసు, అయినా వారానికి మూడు నాలుగుసార్లు, ఆయాసం వచ్చినప్పుడు వాడే నీలం పంపు తీయాల్సి వస్తోంది. మందు ఒంటికి అలవాటైపోయిందా? మా అత్తగారేమో మృగశిరకి నాంపల్లిలో చేప మందు వేయిద్దామంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

ఖమ్మం నుంచి:
అక్కా, ముందు రోజూ వాడే పంపు వెనకాల మిగిలిన పఫ్‌ల అంకె చూడండి. మావాడూ తొమ్మిదో క్లాసులో "వేసుకున్నా మమ్మీ" అనేవాడు. పొద్దున రెండు, రాత్రి రెండు పఫ్‌లు అంటే 120 పఫ్‌ల పంపు నెలకి అయిపోవాలి కదా, ఇరవయ్యో రోజున 40 ఉండాల్సిన చోట 92 ఉంది! పంపుకి తగిలించే స్పేసర్ గొట్టాన్ని "చిన్నపిల్లలది" అని మంచం కింద పడేశాడు, ఉత్త పంపు నోట్లో కొట్టుకుంటే మందు చాలావరకు గొంతుకే అంటుకుంటుంది. అరిచాను, అది నా తప్పే, ఇంకా దాచడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పంపు, స్పేసర్ బ్రష్ పక్కనే ఉంటాయి, వేసుకుని అక్కడే నోరు పుక్కిలిస్తాడు.

పిల్లల వార్డు నర్సు:
పై మాట నిజం. పాప సంగతి వేరు. ఐదేళ్ల లోపు గాలిగొట్టాలు సన్నగా ఉంటాయి, జలుబుకి కాస్త వాచినా కూత వస్తుంది. చాలామందికి స్కూలు వయసుకి తగ్గుతుంది, అందరికీ కాదు. ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదించే పరీక్ష ఆ వయసులో సరిగా చేయలేరు కాబట్టి మీరు చూసిందే ఆధారం. నవ్వితే దగ్గు వస్తోందా, పరిగెడుతూ మధ్యలో కూర్చుండిపోతోందా గమనించండి. ఈ నాలుగు వారాల్లో పగటి ఆయాసం గానీ నీలం పంపు గానీ ఐదేళ్ల లోపు వాళ్లకి వారానికి ఒకసారి మించినా, ఆరు దాటినవాళ్లకి రెండుసార్లు మించినా కంట్రోల్ తప్పినట్టే. రాత్రి దగ్గుతో లేవడం ఏ వయసులోనైనా, ఒక్కసారైనా లెక్కే. 12 దాటినవాళ్లకి ఐదు ప్రశ్నల పేపరుంది, బాబునే నింపమనండి, మీకు తెలియని రాత్రులు బయటపడతాయి. 19 మార్కులు గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే డాక్టరుకి చూపించాలి. చేప మందుతో ఆస్తమా తగ్గుతుందని రుజువు లేదు, నాలుగేళ్ల పిల్ల గొంతులో బతికున్న చేప పెట్టడం నాకైతే భయం. అత్తగారికి మెల్లగా చెప్పండి, దాని కోసం పంపు మాత్రం ఆపకండి. డొక్కలు లోపలికి పోతున్నా, మాట తెగిపోతున్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇద్దరు పిల్లల తల్లి:
పోయిన నెల మొదట్లో తెరిచిన పంపులో ఇంకా 61 ఉన్నాయి. పేపరు వాడే నింపాడు, 16 వచ్చింది. రాత్రి రెండుసార్లు లేచాడట, నాకు తెలియనే తెలియదు. శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నా. స్పేసర్ కడిగాక గుడ్డతో తుడవచ్చా?

పిల్లల వార్డు నర్సు:
వద్దు. సబ్బునీళ్లలో ముంచి అలాగే ఆరనివ్వండి. ప్లాస్టిక్‌ని రుద్దితే మందు లోపలి గోడలకే అంటుకుపోతుంది.