కీర్తన 137:9లో ‘ధన్యుడు’ ఎవరు?

ప్రశ్న: 137వ కీర్తనలో “బబులోను నదులయొద్ద” అనే మొదటి భాగం మా చర్చిలో అందరికీ ఇష్టం. “నీ పసిపిల్లలను పట్టి వారిని బండకు వేసి కొట్టువాడు ధన్యుడు” దగ్గరకొచ్చేసరికి మాత్రం చదివేవాళ్లకు నోరు పెగలదు. మొదటి కీర్తనలో నీతిమంతుణ్ణి అన్న ‘ధన్యుడు’, ఇదీ ఒకటేనా?

జవాబు: ఒకటేనండీ. హీబ్రూలోనూ రెండు చోట్లా ‘అష్రే’యే. అనువాదకుల మీదికి నెట్టి తప్పించుకోలేం.

ఆ మాట అంటున్నది ఎవరో చూడండి: బబులోనుకు బందీలుగా చెరపోయిన యూదులు, ఆ బబులోనునే ఉద్దేశించి. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును పడగొట్టి దేవాలయాన్ని తగలబెట్టింది. పారిపోతూ దొరికిన యూదా రాజు సిద్కియాను రిబ్లా అనే ఊరికి తీసుకెళ్లి, అతని ఎదుటే కొడుకులను చంపి, ఆ తర్వాత కళ్లు ఊడదీశారు (2 రాజులు 25). రాజుకే ఆ గతి పడితే మామూలు ఇళ్ల సంగతి చెప్పాలా? పట్టుబడ్డ పట్టణంలో పసివాళ్లను నేలకు కొట్టడం ఆనాటి యుద్ధాల్లో ఉన్నదే. హోషేయ, నహూము గ్రంథాల్లోనూ ఆ ప్రస్తావన ఉంది. “నీవు మాకు చేసిన క్రియలనుబట్టి” అని ఎనిమిదో వచనం ఊరికే అనలేదు.

తొలినాటి క్రైస్తవ వేదాంతి అగస్టీను ఈ పిల్లలంటే అప్పుడే పుట్టిన చెడు కోరికలనీ, బండ అంటే క్రీస్తు అనీ చెప్పాడు. ప్రసంగానికి బాగుంటుంది. కానీ బిడ్డను పోగొట్టుకుని ఏడుస్తున్న తల్లిని ఆపి వేదాంతం చెప్పినట్టుంటుంది నాకు. 1960లలో జరిగిన కాథలిక్ మహాసభ, రెండో వాటికన్ సభ తర్వాత సవరించిన కాథలిక్ దైనందిన ప్రార్థనల్లోనైతే ఈ కీర్తన ఆరో వచనంతోనే ఆగిపోతుంది.

ప్రశ్న: అయితే పగ తీర్చుకోవడం తప్పు కాదంటారా బ్రదర్?

జవాబు: అలా అనడం లేదు సిస్టర్. ఏడో వచనంలో “జ్ఞాపకము చేసికొనుము” అన్న మనవి యెహోవాకే. పొరుగు జాతి ఎదోము చేసిన ద్రోహాన్నీ ఆయన ముందే పెడుతున్నారు. “నేను కొడతాను” అని ఎక్కడా లేదు, కొట్టేవాడెవరో పేరూ లేదు. “పగతీర్చుట నా పని” అని పౌలు రోమా 12లో గుర్తుచేసేదీ ఇదే. మరో సంగతి: క్రీ.పూ. 597లోనే చెరపోయినవాళ్లకు ప్రవక్త యిర్మీయా ఉత్తరం రాస్తూ, వాళ్లు బందీలుగా ఉన్న ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమన్నాడు (29:7). కడుపుమంటా, ఆ ఉత్తరమూ ఒకే బైబిల్లో ఉన్నాయి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని దాచకూడదు.

ఆరాధనలో చదివితే తొమ్మిదో వచనం దాకా చదవండి. ముందు 2 రాజులు 25 చదివించండి, అంతే.