'మా నాయన రైతు': ఇందులో విధేయం ఏది?

పరకాల తమ్ముడు:
హనుమకొండలో డీఎస్సీ కోచింగ్‌కు పోతున్నా. మొన్నటి గ్రాండ్ టెస్ట్‌లో ఒక బిట్ వచ్చింది. "మా నాయన రైతు. ఈ వాక్యంలో విధేయం ఏది?" ఆప్షన్లు నాలుగు: మా నాయన; రైతు; లోపించిన 'ఉన్నాడు'; విధేయం లేదు. నేను 'రైతు' పెట్టిన. కీలో మూడోది ఇచ్చిండ్రు. అడిగితే "విధేయం అంటే క్రియ, అది కనపడకపోతే లోపించినట్టు" అని తేల్చేశారు. రూంలో తలా ఒక మాట అంటున్నారు. అసలు పరీక్షలో వస్తే ఏం పెట్టాలి? ఎందుకు? టెన్షన్‌గా ఉంది.

మడికొండ టీచరమ్మ:
తమ్ముడూ, కీ తప్పు. ఎవరి గురించి చెబుతున్నామో అది ఉద్దేశ్యం, ఏం చెబుతున్నామో అది విధేయం. మీ నాయన గురించి చెప్పావు, రైతు అని చెప్పావు. అయిపోయింది. 'ఉన్నాడు' చేర్చి చదువు: "మా నాయన రైతు ఉన్నాడు". ఇట్లా ఎవరన్నా మాట్లాడతారా? బడి పుస్తకాల్లోనే క్రియారహిత వాక్యాలని పాఠం ఉంది. ఇంగ్లీషులో 'ఈజ్' లేకపోతే వాక్యం నిలబడదు కాబట్టి మన వాక్యంలోనూ ఒకటి ఎక్కడో దాక్కుని ఉంటుందని కీ తయారుచేసినవాళ్లు వెతుకుతున్నారు.

సుబేదారి రిటైర్డ్:
అమ్మా, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. డిగ్రీ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పినవాణ్ణి. అరిస్టాటిల్ దారిలో వచ్చిన పాత తర్కంలో ఒక ప్రతిపాదనకు మూడు భాగాలు: ఉద్దేశ్యం, విధేయం, ఆ రెంటినీ కలిపే సంయోజకం. అవునా కాదా అన్నది ఈ మూడోదే చెబుతుంది. అది తెలుగులో లేదంటారా? వాక్యాన్ని కొంచెం కదిలించి చూడండి. రైతు అయితే, రైతు అయినా, రైతు అయ్యాడు, రైతు కాదు. కదిలించిన ప్రతిచోటా 'అవు' అనే క్రియ బయటికి వస్తోంది. 'కాదు' కూడా దాని వ్యతిరేక రూపమే. వర్తమానంలో అవునని చెప్పేటప్పుడు మాత్రమే అది వినపడదు. కాబట్టి కీలో తప్పు 'లోపించింది' అనడంలో లేదు. లోపించిందాన్ని 'ఉన్నాడు' అనడం ఒక తప్పు, సంయోజకాన్ని తీసుకొచ్చి విధేయం అనడం ఇంకో తప్పు. విధేయం మాత్రం రైతే.

మడికొండ టీచరమ్మ:
సార్, అయితే దీనికేమంటారు? నేను రైతుని, నువ్వు రైతువి, మేం రైతులం. "వస్తాం"లో చివర ఏ సున్నా ఉందో "రైతులం"లోనూ అదే ఉంది. క్రియకు చేరాల్సిన పురుష ప్రత్యయం నేరుగా నామానికే చేరుతోంది. లోపల వేరే క్రియ ఉంటే ఆ ప్రత్యయాన్ని అదే మోయాలి కదా. రైతు అన్న మాటే ఇక్కడ క్రియ పని చేస్తోంది, ఇంకెవరి సాయమూ అక్కర్లేదు.

సుబేదారి రిటైర్డ్:
మంచి ప్రశ్నే. అయితే ప్రథమ పురుషలో ఆ ప్రత్యయం లేదు, మన చర్చ ప్రథమ పురుష వాక్యం మీద. పైగా "రైతులమైతే" అన్నప్పుడు ప్రత్యయం నామం మీదే ఉంది, క్రియ కూడా ఉంది. రెండూ పక్కపక్కనే ఉండగలవన్నమాట.

కాజీపేట జంక్షన్:
సార్, మీరు 1879 దగ్గర ఆగకుండా వెనక్కే పోయారు. ఆ ఏడు జర్మన్ తార్కికుడు ఫ్రేగె పుస్తకం వచ్చాక తర్కంలో ఈ ఉద్దేశ్య విధేయాల జంటే పోయింది. "కాజీపేటకూ వరంగల్‌కూ నడుమ హనుమకొండ" అన్నాననుకోండి. ఉద్దేశ్యం ఎవరు? మూడు ఊళ్లకూ సమాన హక్కుంది. కొత్త తర్కంలో ఖాళీలున్న మూసనే ప్రెడికేట్ అంటారు, విధేయానికి ఇంగ్లీషు మాట అదే. ఇక్కడ 'నడుమ' అనే మూసకు మూడు ఖాళీలు. పేర్లు పెడితే నిజమో అబద్ధమో తేలుతుంది. '...రైతు' అన్నదానికి ఒకటే ఖాళీ. కలపడానికి సంయోజకం అనే ముక్కే అవసరం లేదు, టీచర్ మేడం అన్నట్టే. నేను రోజూ డేటాబేస్‌లో కావాల్సిన వరసలు ఏరడానికి రాసే 'వేర్' షరతు కూడా ఇదే. 1970లో కంప్యూటర్ శాస్త్రవేత్త కాడ్, సమాచారాన్ని పట్టికలుగా దాచే రిలేషనల్ పద్ధతిని ఈ తర్కం మీదే నిలబెట్టాడు.

పరకాల తమ్ముడు:
అన్నా, నాకు డీఎస్సీ కావాలె, డేటాబేస్ కాదు. మరి "దేవుడు ఉన్నాడు" అంటే? అక్కడ 'ఉన్నాడు' విధేయమే కదా?

సుబేదారి రిటైర్డ్:
వ్యాకరణంలో అవును. తర్కంలో అదే పెద్ద తగాదా. 1781లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ 'ఉండటం' అనేది వస్తువుకు చేరే గుణం కాదన్నాడు. ఊహలోని వంద నాణేల కంటే నిజంగా ఉన్న వంద నాణేల్లో ఒక్క నాణెం కూడా ఎక్కువ ఉండదని వాదించాడు. ఈ సంగతి తెలుగు పిల్లవాడికి చెప్పడం తేలిక. "మా నాయన రైతు కాదు" అంటే ఆయన గురించి ఒక మాట కాదన్నట్టు. "మా నాయన లేడు" అంటే? ఇంట్లో లేడనో, అసలు మనిషే లేడనో. ఇంగ్లీషువాడు రెండుచోట్లా అదే 'ఈజ్ నాట్' వాడగలడు, మనం పొరపాటున కూడా కలపం. మీ కీ 'ఉన్నాడు' చేర్చి, వృత్తి చెప్పే వాక్యాన్ని ఉనికి చెప్పే వాక్యం చేసింది.

ములుగు రోడ్డు:
అందరూ ప్రెడికేట్ గురించే మాట్లాడుతున్నారు. విధేయం అన్న మాట దానికి పేరుగా రాకముందే మీమాంసలో, అంటే వేదవాక్యాలకు అర్థం తేల్చే శాస్త్రంలో, వేరే పని చేసేది. తెలిసింది ఉద్దేశ్యం, కొత్తగా విధించేది విధేయం. "పెరుగుతో హోమం చేయాలి" అన్న విధినే తీసుకోండి. హోమం చేయాలని వేరే వాక్యం ముందే చెప్పింది. ఇక్కడ కొత్తది పెరుగు ఒక్కటే, కాబట్టి విధేయం పెరుగు. క్రియ కాదు! (ఉత్తరం చివర రాసే 'తమ విధేయుడు' కూడా ఈ ధాతువు నుంచే, విధించింది చేసేవాడు అని.)

మన దగ్గరి మాటే చెబుతా. "రామప్ప గుడి కట్టించింది రేచర్ల రుద్రుడు." గుడి ఎవరో కట్టించారని అందరికీ తెలుసు, 1213 నాటి శాసనం ఎదుటే ఉంది. కొత్తగా చెబుతున్నది పేరు. కట్టించడం ఉద్దేశ్యంలోకి పోయింది, రుద్రుడు విధేయం అయ్యాడు. 'విధేయం అంటే క్రియ' అనే సూత్రం ఇక్కడే కూలిపోతుంది. ఇంకో సంగతి. "మీలో రైతు ఎవరి నాయన?" అని అడిగితే "మా నాయన రైతు" అన్నావనుకో, అప్పుడు 'మా నాయన' అన్నదే విధేయం. మొదటి ఆప్షన్‌కూ మార్కు ఇవ్వాలి.

మడికొండ టీచరమ్మ:
బిట్‌లో ముందు ప్రశ్నేమీ ఇవ్వలేదు కదండీ. ఏ సందర్భమూ లేకుండా వాక్యం ఇచ్చినప్పుడు మామూలు చదువే చదవాలి. లేకపోతే ఏ బిట్‌కూ జవాబుండదు.

కాజీపేట జంక్షన్:
తర్కానికైతే ఆ తేడా లెక్కలోకే రాదు. ఎవరడిగినా, ఎట్లడిగినా ఆయన రైతైతే వాక్యం నిజం.

ములుగు రోడ్డు:
అందుకే ఆ తర్కం బడి వ్యాకరణానికి చాలదంటున్నా.

మడికొండ టీచరమ్మ:
తమ్ముడూ, వీళ్లు తేల్చేదాకా ఆగకు. పరీక్షలో 'రైతు' పెట్టు. ప్రాథమిక కీ వేరేగా వస్తే అభ్యంతరాలకు గడువిస్తారు, పాఠ్యపుస్తకం పేజీ జతచేసి పంపు. ఇక్కడి చర్చ మాత్రం జతచేయకు.

పరకాల తమ్ముడు:
సరే అక్కా. మరి "నాకు జ్వరం" అని ఇస్తే? అక్కడా క్రియ లేదు.

సుబేదారి రిటైర్డ్:
కాదని చెప్పి చూడు. "నాకు జ్వరం కాదు" అనవు, "లేదు" అంటావు. అంటే అక్కడ వినపడనిది 'ఉంది'. మీ కోచింగ్ వాళ్ల కీ ఆ వాక్యానికి చక్కగా సరిపోతుంది. కాజీపేట బాబు చెప్పిన హనుమకొండ వాక్యం కూడా ఆ కోవలోదే.

కాజీపేట జంక్షన్:
నా వాక్యాన్ని వదిలేయండి సార్, దాని ఖాళీలు మూడూ నిండే ఉన్నాయి.