పాలిచ్చే దిండు: ఏ రకం కొనాలి?

ప్రశ్న: సిజేరియన్ అయిన బాలింత కోసం అండి. మంచం మీద గోడకు ఆనుకుని పాలిస్తుంది. సీ ఆకారం దిండు మేలా, బెల్టు ఉన్నదా? లోపల దూది ఉండాలా, ఫోమా?

జవాబు 1: ముందు గట్టిదనం చూడండి. మధ్యలో అరచేత్తో నొక్కితే సగానికి పైగా దిగిపోయేది వద్దు. బిడ్డ బరువుకు దిండు కుంగితే నోరు కిందికి జారి చనుమొన చివరే పట్టుకుంటుంది. పగుళ్లు, నొప్పి ఎక్కువగా అలాగే వస్తాయి. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా, పొట్ట తల్లి ఒంటికి ఆని ఉండాలి. బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి గానీ తల్లి వంగకూడదు. వీపు వెనక ఇంకో దిండు తప్పనిసరి.

జవాబు 2: కుట్లు ఉన్నాయి కాబట్టి సీ ఆకారమే నయం, పక్కకు జరపొచ్చు. బిడ్డను చంక కింద, కాళ్లు తల్లి వీపు వైపు వచ్చేలా పట్టుకుంటే పొట్ట మీద బరువు పడదు. బెల్టు కుట్లను ఒరుసుకుంటే వాడొద్దు.

జవాబు 3: దూది తడిస్తే ఉండలు కడుతుంది, త్వరగా ఆరదు. ఫోమ్ తీసుకుని, జిప్పున్న నూలు గలీబులు రెండు ఉంచుకోండి. కొనేలోపు గట్టిగా మడిచిన దుప్పటి సరిపోతుంది. ఒక్కమాట అండి, పాలు తాగుతూ నిద్రపోతే బిడ్డను ఆ దిండు మీద వదలకండి. మెడ ముందుకు వాలినా, ముఖం దిండులో కూరుకున్నా ఊపిరాడదు. చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి.