పస్కా విందుకి ‘పులియని’ అనాలా, ‘పొంగని’ అనాలా?

ప్రశ్న: ఈసారి యూదుల పండుగ పస్కా మొదటి రాత్రి చేసే సేదర్ అనే విందు న్యూజెర్సీలో మా ఇంట్లోనే. మావారు యూదులు, నాది గుంటూరు. మేం పెట్టడం ఇదే మొదలు, కాస్త టెన్షన్‌గా ఉంది. వంటలో సాయానికి వచ్చిన మా అమ్మ కోసం నియమాలు తెలుగులో రాస్తున్నాను. మన బైబిల్లో ‘పులియని రొట్టెలు’, ‘పొంగని రొట్టెలు’ రెండూ ఉన్నాయి. ఏది రాయను? ‘పులియని’ అంటే అమ్మ చింతపండు కూడా తీసి దాచేస్తుంది.

జవాబు: మాట పుట్టుక చూస్తే ‘పులియని’దే దగ్గరండి. పస్కాకి పనికిరానిదాన్ని హీబ్రూలో ‘హమేత్స్’ అంటారు. పుల్లనిది ‘హముత్స్’, వెనిగర్ ‘హోమెత్స్’. మన పులుపు, పులియడం లాగే అన్నీ ఒకే ధాతువు. ఇంత చక్కగా కలిసిన మాట దొరకడం అరుదు.

కానీ వంటింట్లో అది చిక్కు తెస్తుంది. ఆ రాత్రి తాగే నాలుగు పాత్రల వైన్ పులిసిందేగా! పోనీ ‘పొంగని’ అందామా అంటే, పిండి కలిపి అరగంట నాననిచ్చిన చపాతీ పొంగినట్టు కనిపించదు, అయినా హమేత్సే. అసలు సంగతి గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాలది. వాటి పిండికి నీళ్లు తగిలాక 18 నిమిషాల్లోపు కాల్చేస్తేనే మత్సా, అంటే పస్కాకి తినే రొట్టె.

అందుకని ఆ రెండు మాటలూ వదిలేసి, ‘ఈ ఐదు ధాన్యాలతో చేసినవేవీ వద్దు, పస్కాకని అమ్మే మత్సా తప్ప’ అని రాయండి. చింతపండుకి ఏ అడ్డూ లేదు. ఇంగువ డబ్బా మాత్రం తిప్పి చూడండి, చాలా పొడుల్లో గోధుమపిండి కలుపుతారు. విందులో మాంసం ఉంటే పెరుగు వద్దు, అది వేరే నియమం. అన్నం, పప్పు గురించి మీ అత్తగారిని అడగండి: అష్కనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల యూదుల) ఆచారంలో పస్కాకి అవి తినరు, సెఫార్దీల్లో (స్పెయిన్ మూలాల యూదుల్లో) చాలామంది అన్నం తింటారు.

ప్రశ్న: చాలా థాంక్స్ అండి. విందు మొదట్లో మత్సా చూపిస్తూ చదివే ‘హా లహ్మా అన్యా’ (‘ఇది పేదరికపు రొట్టె’) అనే పాఠం అమ్మకి తెలుగులో వినిపించవచ్చా?

జవాబు: తప్పకుండా. అది హీబ్రూ కాదు, ఆ పాఠం పుట్టిన కాలంలో జనం వాడుకభాష అరమాయిక్. అతిథుల్ని పిలిచే మాటలు కాబట్టి గ్రాంథికం వద్దు. నేనైతే ఇలా చదువుతాను: ‘ఆకలిగా ఉన్నవాళ్లందరూ రండి, తినండి. అవసరంలో ఉన్నవాళ్లందరూ రండి, మాతో పస్కా చేసుకోండి.’