రాడార్ బొమ్మలో ‘తెలుపు’ను తెలుగులో ఏమనాలి?

అనంతపురం నుంచి: మెజెల్లన్ అంతరిక్ష నౌక 1990–92లో తీసిన శుక్రగ్రహం రాడార్ బొమ్మల గురించి పిల్లలకు రాసేటప్పుడు ‘తెల్లని నేల’, ‘నల్లని నేల’ అనొచ్చా? ‘గరుకు నేల’, ‘నున్నని నేల’ అంటే మేలా?

కడప నుంచి: రంగు మాట వద్దన్నా. రాడార్‌కు రంగు తెలీదు. పంపిన తరంగంలో ఎంత వెనక్కొచ్చిందో అంత తెలుపు. తరంగం ఏటవాలుగా పోతుంది కాబట్టి, నున్నని నేల మీద పడింది అద్దం మీద ఎండలాగా అవతలికి జారిపోతుంది. నౌకకు దాదాపు ఏమీ చేరదు, బొమ్మలో నలుపు. గరుకు నేల దాన్ని నాలుగు దిక్కులా చిమ్ముతుంది, కొంత వెనక్కొస్తుంది, తెలుపు.

అయితే గరుకు ఎవరి లెక్కన? ఎర్రగుంట్ల నాపరాయికి పాలిష్ పట్టకముందు అరచెయ్యి రుద్దితే గీసుకుంటుంది, మనకది గరుకే. మెజెల్లన్ తరంగం పొడవు 12.6 సెంటీమీటర్లు, దానికి ఆ బండ అద్దమే. ఎత్తుపల్లాలు సుమారు 2 సెంటీమీటర్లు దాటితే గానీ దానికి గరుకు తగలదు. గని పక్కన పారబోసిన రాతిముక్కల గుట్టయితే తెల్లగా మెరుస్తుంది. మాట మంచిదే, కొలత చెప్పి వాడండి.

కర్నూలు నుంచి: సగమే ఒప్పుకుంటానక్కా. నౌక వైపు తిరిగిన కొండవాలు నున్నగా ఉన్నా తెల్లగానే పడుతుంది. పైగా ఆ వాలు కుదించుకుపోయి, అవతలి వాలు సాగిపోతుంది, అట్లే వెడల్పు కొలిస్తే తప్పొస్తుంది. వాలు మరీ నిటారైతే పాదం కంటే శిఖరమే ముందు పడి, కొండ నౌక వైపు ఒరిగినట్టు కనిపిస్తుంది. దీనికి ‘ఒరుగు’ అనే మాట చాలు. ఇక శుక్రుడి మీద సుమారు 11 కిలోమీటర్ల ఎత్తున్న మాక్స్‌వెల్ కొండల పైభాగం తెల్లబడటానికి అక్కడి పదార్థపు విద్యుత్ గుణం ముఖ్య కారణం.

అందుకే పటం గీసేటప్పుడు కనిపించింది ఒక గడిలో, దాని అర్థం ఇంకో గడిలో రాస్తారు. మొదటి గడిలో ‘తెల్లగా పడిన చోటు’ అనండి. నౌక ఎడమ వైపు చూసి తీసిన బొమ్మ, కుడి వైపు చూసి తీసిన బొమ్మ పక్కపక్కన పెట్టండి. రెండింట్లోనూ తెలుపే ఉంటే వాలు మీద అనుమానం తగ్గుతుంది. ఎత్తు లెక్కలు, రేడియోమీటర్ (నేల తనంతట తాను వెలువరించే రేడియో తరంగాలను కొలిచే పరికరం) లెక్కలు కూడా చూశాకే రెండో గడిలో ‘గరుకు’ రాయాలి. ఈ రెండూ కలిపేస్తే తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

అనంతపురం నుంచి: లావాకు ‘ప్రవాహం’ కాకుండా ‘పారకం’ బాగుంటుందా?

కడప నుంచి: చాలా బాగుంటుంది, మడికి నీళ్ళు పారేటట్టే అది పల్లం వెతుక్కుంటూ పోతుంది. నేలలోని పగుళ్ళు పారకం అంచు దగ్గర టక్కున ఆగితే పారకమే కొత్తది. పగుళ్ళు పారకాన్ని కోసుకుంటూ పోతే అవే కొత్తవి.

కర్నూలు నుంచి: నల్లని మైదానం మీద నల్లని పారకం ఉంటే మాత్రం అంచు దొరకదు. అక్కడ నిండు గీత గీయొద్దు, తెగిన గీత గీయండి. బొమ్మలో ఒక చుక్క 75 మీటర్లు. 1:50,00,000 పటంలో మిల్లీమీటరంటే 5 కిలోమీటర్లు. బొమ్మలో కనిపించిన ప్రతి సన్న పారకాన్నీ పటంలో ఇరికిస్తే గీతల మీద గీతలు పడి ఏదీ చదవడానికి రాదు.