ఒబామాకేర్‌కి కుసినిచ్ ఓటు మార్చడం లొంగిపోవడమేనా?

క్లీవ్‌లాండ్ వాసి:
2010 నాటి వైద్య బీమా చట్టం గురించి మాట వచ్చినప్పుడల్లా మా ఊళ్లో ఎవరో ఒకరు "కుసినిచ్ చివర్లో లొంగిపోయాడు" అంటారు. నేను ఒప్పుకోను. ఇక్కడ పెడుతున్నాను, మీరూ చెప్పండి.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. డెనిస్ కుసినిచ్ అప్పట్లో మా క్లీవ్‌లాండ్ నుంచి ప్రతినిధుల సభ సభ్యుడు, డెమోక్రాట్. ప్రైవేటు బీమా కంపెనీల ప్రమేయం లేకుండా అందరికీ ప్రభుత్వమే బీమా ఇవ్వాలని ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. 2009 నవంబర్ 7న సభలో బిల్లు 220–215తో గట్టెక్కినప్పుడు ఆయన వద్దనే ఓటేశాడు. ఆ బిల్లు బీమా కంపెనీలకే మేలు చేస్తుందన్నది ఆయన అభ్యంతరం. 2010 మార్చి 15న ఒబామా ఆయన్ని తన విమానంలోనే ఎక్కించుకుని ఇక్కడి స్ట్రాంగ్స్‌విల్ సభకు తీసుకొచ్చాడు. వేదిక మీద ఆయన పేరెత్తగానే, అవునని ఓటెయ్యమని జనంలోంచి ఎవరో అరిచారు. "విన్నావా డెనిస్?" అన్నాడు ఒబామా. 17న కుసినిచ్ తన ఓటు అనుకూలమని ప్రకటించాడు. 21న 219–212తో బిల్లు నెగ్గింది.

నవంబర్లో ఆయన ముందున్న ప్రశ్న, మార్చిలో ఉన్న ప్రశ్న ఒకటి కావు. మధ్యలో జనవరి 19న మసాచుసెట్స్‌లో టెడ్ కెనడీ సీటు రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలిచాడు. సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగుకు వెళ్లాలంటే 60 ఓట్లు కావాలి, డెమోక్రాట్ల 60 కాస్తా 59 అయింది. బిల్లును మళ్లీ రాసి సెనేట్‌కి పంపే దారి అంతటితో మూసుకుపోయింది. సెనేట్ డిసెంబర్లో పాస్ చేసినదాన్నే ఒప్పుకుని, బడ్జెట్‌కి సంబంధించిన సవరణలు మాత్రం విడిగా చేసుకోవాలి. కాదంటే ఏమీ లేదు. 1994లో క్లింటన్ల ప్రయత్నం కూలిపోయాక ఈ విషయం మళ్లీ సభ ముందుకు రావడానికి పదిహేనేళ్లు పట్టింది. అది కళ్లారా చూసినవాడు "నాకు కావాల్సింది ఇది కాదు, అయినా ఓటేస్తున్నా" అంటే అందులో లొంగుబాటు ఏముంది?

గుంటూరు కుర్రాడు:
అన్నా, మనవైపు నుంచి చూస్తే ఈ చర్చే కొత్తగా ఉంది. ఇక్కడ ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ విప్ ధిక్కరించి ఓటేస్తే రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద పదవే పోవచ్చు. 1985 నుంచీ అంతే. బిల్లు చదివి, నియోజకవర్గం చూసుకుని ఓటు మార్చుకునే స్వేచ్ఛ మన ప్రతినిధులకు లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. కానీ ఒకటి అడుగుతాను. అధ్యక్షుడు విమానం ఎక్కించుకుని తిప్పిన రెండు రోజులకే ఓటు మారితే, లోపల బేరం జరగలేదని ఎలా నమ్మడం?

ఎర్రమందారం:
తమ్ముడూ, బేరం జరిగి ఉంటే నాకు బాధ లేదు. ఆయన ఏమీ అడక్కుండా ఇచ్చేశాడన్నదే నా బాధ.

క్లీవ్‌లాండ్ గారు ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. నవంబర్ బిల్లులో బలహీనంగానైనా, ప్రైవేటు పాలసీలతో పాటు ప్రభుత్వ బీమాను కూడా ఎంచుకునే వీలు ఉంది. దానికి కుసినిచ్ వద్దన్నాడు. మార్చి బిల్లులో అదీ లేదు. దానికి సరేనన్నాడు! ఏ రాష్ట్రమైనా సొంతంగా సింగిల్ పేయర్ (అందరికీ ప్రభుత్వమే బీమా ఇచ్చే పద్ధతి) పెట్టుకునే వీలు కల్పించే సవరణను ఆయనే కమిటీలో నెగ్గించుకున్నాడు, తర్వాత పార్టీ నాయకత్వం దాన్ని తీసేసింది. మార్చిలో కనీసం అదైనా వెనక్కి తెచ్చుకున్నాడా?

మిగతావాళ్లను చూడండి. నెబ్రాస్కా సెనేటర్ బెన్ నెల్సన్ తన ఓటుకి బదులుగా, ఆ రాష్ట్రంలో మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ బీమా) విస్తరణ ఖర్చంతా కేంద్రమే భరించేలా రాయించుకున్నాడు. గగ్గోలు పుట్టి తర్వాత తీసేశారు, అది వేరే సంగతి. మిషిగన్ నుంచి బార్ట్ స్టూపాక్, గర్భస్రావాలకు కేంద్రం డబ్బు వాడకుండా అధ్యక్షుడి ఉత్తర్వు వస్తుందని మాట తీసుకున్నాకే తన బృందంతో కలిసి ఓటేశాడు. అంటే నడిమధ్యన ఉన్నవాళ్లు, కుడివైపు వాళ్లు అడిగింది పట్టుకుపోయారు. ఎడమవైపు మనిషి మాత్రం దేశం కోసం ఓటేశాడు. ఎలాగూ చివరికి ఓటేస్తాడని తెలిశాక ఆయన మాట వినాల్సిన అవసరం ఎవరికుంటుంది?

దాదాపు ఇలాంటి కారణాలతోనే స్టీవెన్ లించ్ అనే డెమోక్రాట్ సభ్యుడు ఎదురుదారి పట్టాడు. బోస్టన్‌లో ఇనుప పని చేసి, యూనియన్ అధ్యక్షుడిగా ఎదిగిన మనిషి. నవంబర్లో అవునన్నాడు, మార్చిలో కాదన్నాడు. కార్మికులు పోరాడి తెచ్చుకున్న మంచి పాలసీల మీద పన్ను వేసి, బీమా కంపెనీలను వదిలేశారని ఆయన కోపం. ఒబామా స్వయంగా చెప్పినా వినలేదు.

లెక్కల మాస్టారు:
కాసేపు ఆవేశాలు పక్కనపెట్టి పేర్లు చూద్దాం. నవంబర్‌లో కాదని మార్చిలో అవునన్నవాళ్లు ఎనిమిది మంది: కుసినిచ్, బెట్సీ మార్కీ, జాన్ బొచ్చియేరి, అలెన్ బాయిడ్, సుజాన్ కోస్మస్, స్కాట్ మర్ఫీ, బార్ట్ గోర్డన్, బ్రయన్ బెయర్డ్. గోర్డన్, బెయర్డ్ అప్పటికే మళ్లీ పోటీ చేయడం లేదు. మిగిలిన ఆరుగురిలో కుసినిచ్ తప్ప ఐదుగురూ 2010 నవంబర్ ఎన్నికల్లో ఓడిపోయారు.

అవును నుంచి కాదుకి మారినవాళ్ల సంగతేమిటంటారా? లించ్, లిపిన్‌స్కీ గెలిచారు. ఆర్కురి, స్పేస్ ఓడిపోయారు. నవంబర్లో అవునన్న ఒకే ఒక్క రిపబ్లికన్ జోసెఫ్ కావ్ మార్చిలో కాదన్నాడు, అయినా న్యూ ఓర్లీన్స్‌లో ఓడిపోయాడు. కాదని ఓటేస్తే సీటు దక్కుతుందన్న భరోసా ఏమీ లేదన్నమాట. ఇక అవునన్న ఆ ఐదుగురివీ గట్టి పోటీ ఉన్న నియోజకవర్గాలు. కొలరాడోలో మార్కీ గెలిచిన నియోజకవర్గం దశాబ్దాలుగా రిపబ్లికన్లదే. ముప్పు ఎంతో తెలిసే అటు వెళ్లారు. ఎన్నికల భయం ఒక్కటే ఓటును నడిపిస్తుందనేవాళ్లు ఈ ఐదుగురికి ఏం సమాధానం చెబుతారు?

కుసినిచ్ సీటు పదిలం కాబట్టి ఆయన్ని వీళ్ల పక్కన పెట్టను. తెగువ మాట వస్తే మార్కీ పేరే ముందు చెబుతాను.

డాలస్ తెలుగు:
మాస్టారూ, ఓడిపోయారు కాబట్టి త్యాగధనులంటున్నారు. జనం వద్దంటుంటే వినలేదు కాబట్టి ఓడిపోయారని నేనంటాను. నాది సొంత చిన్న వ్యాపారం. కంపెనీ బీమా ఉండదు, సబ్సిడీ అందేంత తక్కువ ఆదాయమూ కాదు. చట్టం వచ్చాక ప్రీమియం ఏటేటా పెరుగుతూ పోయింది, డిడక్టిబుల్ (బీమా మొదలయ్యేలోపు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) చూస్తే ఆసుపత్రి గుమ్మం తొక్కబుద్ధి కాలేదు. నాలాంటివాళ్ల కోసం ఆ ఎనిమిది మందిలో ఎవరు మాట్లాడారు?

అయితే మా పార్టీ వాళ్లనీ వదలను. 2017లో మిషిగన్ రిపబ్లికన్ ఫ్రెడ్ అప్టన్, ముందునుంచి జబ్బులున్నవాళ్లకు రక్షణ తగ్గుతుందని ఒబామాకేర్ రద్దు బిల్లుకు మే 2న కాదన్నాడు. మర్నాడు వైట్‌హౌస్‌కి వెళ్లొచ్చి, ఐదేళ్లకు 800 కోట్ల డాలర్లు అదనంగా ఇస్తామనగానే అవునన్నాడు. 4న బిల్లు 217–213తో సభ దాటింది. ఎంతమందికి బీమా పోతుందో కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్క కట్టకముందే ఓటేశారు. ఆ లెక్క 24న వచ్చింది: 2026 నాటికి బీమా లేనివాళ్లు మరో 2.3 కోట్ల మంది. ఆ మూడు వారాలు ఆగితే కొంప మునిగేదా?

లెక్కల మాస్టారు:
డాలస్ గారూ, ఇక్కడ మీరూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం. 2010లో మార్కీ, గోర్డన్ అదే బడ్జెట్ ఆఫీసు లెక్కను చూపించి, లోటు తగ్గుతుందని చెప్పి ఓటు మార్చారు. పదేళ్లలో లోటు దాదాపు 14,300 కోట్ల డాలర్లు తగ్గుతుందన్నది అప్పటి అంచనా. ఆ అంచనాతో గొడవపడొచ్చు. కానీ ఓటుకు ముందే కాగితం అందరి చేతిలో ఉంది.

డాక్టరమ్మ, ఓహాయో:
నేను కిడ్నీ డాక్టర్ని. రాజకీయం తక్కువ తెలుసు, చూసింది చెబుతాను.

ఈ దేశంలో 1972 చట్టం ప్రకారం కిడ్నీలు పూర్తిగా పాడైతే, వయసుతో పనిలేకుండా దాదాపు అందరికీ మెడికేర్ (మామూలుగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ బీమా) వస్తుంది. డయాలసిస్‌కి ప్రభుత్వమే డబ్బు కడుతుంది. అదే మనిషికి అంతకు పదేళ్ల ముందు షుగరూ బీపీ అదుపులో పెట్టుకునే మాత్రలకీ రక్తపరీక్షలకీ దిక్కు లేదు. నలభై ఏళ్ల రూఫింగ్ పనివాడు ఒకాయన కాళ్లు ఉబ్బి, ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చాడు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, ఎంత పెరిగితే అంత చెడ్డ) 11. షుగరుందని ఆయనకు ఎప్పుడో తెలుసు. బీమా లేక మందులు ఒకరోజు వేసుకుని ఒకరోజు మానేసేవాడు. ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను.

మా రాష్ట్రంలో 2014 జనవరి నుంచి మెడికెయిడ్ విస్తరించారు. అప్పటి గవర్నర్ జాన్ కేసిక్ రిపబ్లికన్. శాసనసభ ఒప్పుకోకపోతే వేరే బోర్డు ద్వారా 2013 అక్టోబర్లో నెగ్గించుకున్నాడు. ఆ తర్వాత ఇలాంటి పనివాళ్లు కొందరు క్రియాటినిన్ 2 దగ్గరుండగానే నా దగ్గరికి రావడం మొదలైంది. రెండు దగ్గర పట్టుకుంటే ఏళ్ల తరబడి ఆపగలం. పదకొండు దగ్గర మిషనే గతి.

ఎర్రమందారం గారూ, మీరు కోరుకునే వ్యవస్థ వస్తే నాకంటే సంతోషించేవాళ్లుండరు. కానీ మార్చిలో ఆ బిల్లు పడిపోయి ఉంటే 2014లో వీళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు. డాలస్ గారూ, మీ ప్రీమియం బాధ నిజమే. దాంతోపాటు టెక్సస్ ఇవాళ్టికీ మెడికెయిడ్ విస్తరించలేదన్నదీ నిజమే. 2012లో సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది.

గుంటూరు కుర్రాడు:
డాక్టర్ గారూ, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. మా నాన్నకు షుగరు.
మెకెయిన్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. బొటనవేలు కిందికి చూపించిన వీడియో మాత్రమే చూశాను.

క్లీవ్‌లాండ్ వాసి:
అది 2017 జులై 28, తెల్లవారుజామున ఒంటిగంటన్నర ప్రాంతం. రిపబ్లికన్ సెనేటర్ మెకెయిన్‌కి మెదడు క్యాన్సర్ అని బయటపడి పది రోజులు కూడా కాలేదు. 25న వచ్చి ఒబామాకేర్ రద్దు బిల్లు మీద సెనేట్‌లో చర్చ మొదలుపెట్టడానికి ఓటేశాడు. కమిటీలో పెట్టి, రెండు పార్టీలూ కూర్చుని, పద్ధతిగా చేయాలని ప్రసంగించాడు. తీరా చూస్తే ఆఖరి బిల్లు పాఠం ఓటుకు కొన్ని గంటల ముందు రాత్రి బయటికొచ్చింది. మరో ఇద్దరు రిపబ్లికన్ సెనేటర్లు కాలిన్స్, మర్కౌస్కీలతో పాటు ఆయనా కాదన్నాడు, 49–51తో పడిపోయింది. ఓటుకు ముందటి సాయంత్రమే విలేకరుల ముందు ఆయన పక్కన నిలబడి అదే బిల్లును మోసమన్న సెనేటర్ లిండ్సే గ్రాహం రాత్రికి అవునని ఓటేశాడు. దిగువ సభ దాన్ని ఉన్నదున్నట్టు పాస్ చేయదని హామీ దొరికిందట! చట్టం కాకూడదని కోరుకునే బిల్లుకు ఓటేయడం నాకు మింగుడుపడదు.

ఎర్రమందారం గారూ, లించ్ నిజాయితీని నేను శంకించను. కానీ ఆయన కాదన్నా బిల్లు నెగ్గింది. ఆరోజు 431 మంది సభ్యుల్లో కావాల్సింది 216. వచ్చినవి 219. ఆ ఎనిమిది మందీ మారకపోతే 211. లించ్ తన మనస్సాక్షి ప్రకారం ఓటేసినా బీమా అందిందంటే, ఆ బరువు వేరేవాళ్లు మోశారు కాబట్టే.

ఎర్రమందారం:
ఆ లెక్క కాదనలేను. డాక్టర్ గారు చెప్పినదాని ముందు వాదించే ఉద్దేశమూ లేదు.

కానీ 219 అంటే మూడు ఓట్లు ఎక్కువే ఉన్నాయి. కుసినిచ్ 17న కాకుండా 20 దాకా బిగబట్టి, "నా రాష్ట్రాల సవరణ మీద విడిగానైనా ఓటింగ్ పెడతానని మాట ఇవ్వండి" అని అడిగి ఉండొచ్చు. స్టూపాక్ 21 మధ్యాహ్నం దాకా బిగబట్టాడు, బిల్లు పడిపోలేదు, ఆయనకు ఉత్తర్వు దక్కింది. ఓటు మార్చినందుకు కుసినిచ్‌ను తప్పుపట్టడం మానేస్తాను. నాలుగు రోజుల ముందే మార్చినందుకు మాత్రం మానను.