చెమట పరీక్షలో క్లోరైడ్ 52: ఏ జీన్ టెస్ట్ చేయించాలి, బెంగళూరులో ఎవరికి చూపించాలి?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ నుంచి): మా అక్క కొడుక్కి 7 నెలలు, బరువు 5.2 కిలోలే. దగ్గు తగ్గట్లేదు, విరేచనం జిడ్డుగా నీళ్ళమీద తేలుతోంది. అక్కాబావలది మేనరికం. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో, పాంక్రియాస్‌లో చిక్కటి జిగురు పేరుకునే వంశపారంపర్య జబ్బు) అనుమానంతో చేసిన చెమట పరీక్షలో 52 వచ్చింది. ఒక ల్యాబ్‌వాళ్ళు ‘ఒక్క మ్యుటేషన్ చూస్తే చాలు, చవక’ అంటున్నారు. ఇంకొకరు ఎక్సోమ్ (అన్ని జీన్లలో ప్రొటీన్ తయారీకి పనికొచ్చే భాగాలు చదివే టెస్ట్) చేయించమన్నారు. ఏది మేలండీ?

జవాబు (పిల్లల ఊపిరితిత్తుల వైద్యురాలు): జీన్ సంగతి తర్వాత, ముందు ఆ 52 ఏమిటో చూడండి. లీటరుకు 60 మిల్లీమోల్స్, ఆపైన వస్తే ఈ లక్షణాలతో జబ్బు దాదాపు ఖాయం. 30 లోపైతే ఉండే అవకాశం బాగా తక్కువ. మీ 52లా మధ్యలో వస్తే ఏదీ తేలదు, మరో రోజు మళ్ళీ చేయించాలి.

రిపోర్టులో కొలిచింది క్లోరైడా, కండక్టివిటీయా (చెమటలో విద్యుత్ ఎంత పారుతుందో)? కండక్టివిటీ అంకె క్లోరైడ్ కంటే ఎక్కువగా ఉంటుంది, దాన్ని 60తో పోల్చకూడదు. చెమట ఎంత పట్టారో కూడా చూడండి. మాక్రోడక్ట్ గొట్టంతో అయితే 30 నిమిషాల్లో కనీసం 15 మైక్రోలీటర్లు రావాలి. అంతకంటే తక్కువైతే ఆ అంకెను పక్కన పెట్టేయడమే. ఒంట్లో వాపు ఉన్న పిల్లల్లో తప్పుగా తక్కువ రావచ్చు, బాగా చిక్కిపోయిన వాళ్ళలో తప్పుగా ఎక్కువా రావచ్చు. వేలూరు సీఎంసీలో ఈ పరీక్ష చేస్తారు, బెంగళూరుకు దూరం కాదు.

వీటికోసం ఎదురుచూడకుండా సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్ రేపే చేయించండి. ఈ జబ్బున్న పసివాళ్ళు చెమటలో ఉప్పు పోగొట్టుకుని వాంతులతో, నీరసంతో ఆసుపత్రి పాలవుతారు. బెంగళూరు చల్లనే కావచ్చు, వేసవి సెలవులకు విజయవాడ తీసుకెళ్తారు కదా! ఉప్పు ఎంత ఇవ్వాలో డాక్టరే రాయాలి, ఇంట్లో అంచనాగా కలపొద్దు. మలంలో ఎలాస్టేస్ (పాంక్రియాస్, అంటే క్లోమం, తయారుచేసే ఎంజైమ్) పరీక్ష కూడా అవసరం. గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపుంటే పాంక్రియాస్ సరిగా పనిచేయట్లేదనే అనుమానం. నీళ్ళ విరేచనం శాంపిల్ ఇస్తే అంకె తప్పుగా తగ్గుతుంది.

జవాబు (జెనెటిక్ కౌన్సెలర్): ఒక్క మ్యుటేషన్ టెస్ట్ వద్దు. అది వెతికేది ఎఫ్508డెల్‌ని. యూరప్‌లో రోగుల్లో ఎక్కువమందికి ఉండేది అదే, మనవాళ్ళలో దాని వాటా బాగా తక్కువ. నెగటివ్ వస్తే ‘జబ్బు లేదు’ అని ఇంటికెళ్ళిపోతారు, అదే ప్రమాదం.

సీఎఫ్‌టీఆర్ జీన్ (ఈ జబ్బుకు కారణమయ్యేది) పూర్తి సీక్వెన్సింగ్ (అక్షరం అక్షరం చదవడం), దానితోపాటు ఎంఎల్‌పీఏ అడగండి. జీన్‌లో పెద్ద ముక్కలు ఊడిపోయి ఉంటే సీక్వెన్సింగ్ ఒక్కదానితో నమ్మకంగా దొరకవు, వాటిని పట్టేది ఈ రెండో పరీక్షే. ఎక్సోమ్‌లో చూసేది ఎక్సాన్లు (ప్రొటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలు), వాటి అంచులు మాత్రమే. ఎక్సాన్ల మధ్యనుండే ఇంట్రాన్ లోపల ఉండే 3849+10కేబీ సి నుంచి టి మార్పు జారిపోతుంది. చెమట పరీక్ష మామూలుగానో, మధ్యస్థంగానో వచ్చేవాళ్ళలో ఉండేది సరిగ్గా ఇలాంటిదే కాబట్టి, ‘ఇది మీ టెస్టులో ఉందా?’ అని ల్యాబ్‌ని ఈమెయిల్‌లో రాసి అడగండి. రెండోసారి చెమటలో 30 లోపు వస్తే అప్పుడు ఎక్సోమ్‌కి అర్థం ఉంది, సీలియా (శ్వాసనాళాల్లో కఫాన్ని తోసే సన్నని వెంట్రుకలు) జబ్బులు, రోగనిరోధక లోపాలు కూడా చూడొచ్చు.

తల్లిదండ్రుల రక్తం కూడా ఇవ్వండి, ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో. బాబుకు రెండు కాపీల్లోనూ ఒకే మార్పు అని రాసి, తండ్రిలో అది కనిపించకపోతే, ఆయన వైపు నుంచి వచ్చిన కాపీలో ఆ ముక్కే లేకపోయి ఉండొచ్చు. మేనరికం కదా, ఒకే మార్పు రెండుసార్లు రావడం సహజమేనని వదిలేస్తే ఇది బయటపడదు.

ప్రశ్న: పెద్దవాళ్ళు టీబీ అంటున్నారు మేడమ్. రిపోర్టులు వచ్చేదాకా ఏం చేయాలి?

జవాబు (వైద్యురాలు): కడుపులోంచి తీసిన ద్రవం మీద సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును పట్టే పరీక్ష) చేయించండి. ఆధారం లేకుండా ‘వాడి చూద్దాం’ అని టీబీ మందులు మొదలుపెడితే అసలు జబ్బు నెలల తరబడి దాగిపోతుంది. పాంక్రియాస్ లోపం తేలితే ఎంజైమ్ గుళికలు పాలు, తిండి పెట్టిన ప్రతిసారీ ఇవ్వాలి. కిలో బరువుకు రోజు మొత్తం 10,000 లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్) యూనిట్లు దాటకూడదు. గుళికల్లోని గింజల్ని నలపొద్దు, పాలసీసాలో వేయొద్దు. చెంచాడు ఆపిల్ గుజ్జులో పెట్టి, తర్వాత నోరు తుడవండి. లేకపోతే పుండ్లు పడతాయి.

జవాబు (ఫిజియోథెరపిస్ట్): ఛాతీ ఫిజియోథెరపీ రోజుకు రెండుసార్లు, పాలకు ముందు. తల కిందికి వంచే పాత పద్ధతి పసివాళ్ళకు వద్దు, పాలు పైకి తన్నుతాయి. ఉప్పునీటి నెబ్యులైజర్ రాస్తే ముందు సాల్బ్యుటమాల్, తర్వాత ఉప్పునీరు, ఆపైన ఫిజియో. గొంతు స్వాబ్ ఫారంలో ‘సిస్టిక్ ఫైబ్రోసిస్ అనుమానం’ అని రాయించండి. బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియాను పెంచి చూడటానికి ల్యాబ్‌లో ప్రత్యేక పోషక మీడియా వాడాలి, చెప్పకపోతే వాడరు.

జవాబు (కౌన్సెలర్): బెంగళూరులో ఇందిరాగాంధీ శిశు ఆసుపత్రి, సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ కలిసి 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద కేంద్రంగా ఉన్నాయి. చికిత్స ఖర్చుకు సాయం కోసం అర్జీ ఇలాంటి కేంద్రం నుంచే వెళ్ళాలి, పరిమితి 50 లక్షల రూపాయలు. మీ అక్క మళ్ళీ గర్భం అనుకుంటే అంతకుముందే బాబు రిపోర్టు, ఇద్దరి రిపోర్టులూ చేతిలో ఉండాలి. ఇద్దరూ వాహకులైతే (జబ్బు లేకపోయినా జీన్ ఒక కాపీలో మార్పు ఉన్నవాళ్ళు) ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే సీవీఎస్‌లో ఏ మార్పు వెతకాలో తెలియకపోతే ల్యాబ్ ఏమీ చెప్పలేదు.